సీ సర్వర్‌కి సిగ్‌టర్మ్ పంపితే 90 సెకన్లు కదలదు, ఆపైన చివరి రికార్డులు గల్లంతు

కొత్త_సాకెట్:

సీలో రాసుకున్న చిన్న టీసీపీ సర్వర్ ఒకటి ఉంది నాది, లినక్స్ మీద, సర్వీసుల్ని నడిపి ఆపే సిస్టమ్‌డి కింద నడుస్తుంది. పెద్ద పనేం చెయ్యదు. కొన్ని మెషీన్లు కనెక్ట్ అయ్యి లైనుకొకటి చొప్పున రికార్డులు పంపుతాయి, నేను చదివి ఎఫ్‌ప్రింట్ఎఫ్‌తో ఫైల్లో రాసి "అందింది" అని ఒక లైను తిరిగి పంపుతాను. కనెక్షన్‌కి ఒక థ్రెడ్. నెలన్నరగా నడుస్తోంది, నడిచినన్నాళ్లూ ఏ గొడవా లేదు. గొడవంతా ఆపేటప్పుడే.

సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కొడితే (అంటే సిస్టమ్‌డి నా సర్వర్‌కి "ఇక ఆగు" అనే సిగ్నల్, సిగ్‌టర్మ్, పంపుతుంది) ప్రాంప్ట్ తిరిగి రాదు. ఒకటిన్నర నిమిషం అలా చూస్తూ కూర్చోవాలి, తర్వాత జర్నల్ (సిస్టమ్‌డి లాగ్) తెరిస్తే టైమౌట్ అయింది కాబట్టి సిగ్‌కిల్‌తో, అంటే తప్పించుకోలేని సిగ్నల్‌తో, చంపేశాం అని ఉంటుంది. డేటా ఫైలు చూస్తే చివరి లైను సగంలో తెగి ఉంటుంది. క్లయింటు వైపు ఆ రికార్డులకి "అందింది" వచ్చేసింది, నా ఫైల్లో మాత్రం అవి లేవు. ఇంకో వింత ఏంటంటే, కొత్త ఫైలుతో మొదలుపెట్టినప్పుడల్లా ఇలా చచ్చాక ఫైలు సైజు 4096తో సరిగ్గా భాగించుకుపోతోంది. ఎందుకో తెలీదు.

కోడ్ మొత్తం ఇక్కడ పెట్టలేను, మాటల్లో చెప్తాను. మెయిన్‌లో సిగ్నల్ ఫంక్షన్‌తో సిగ్‌టర్మ్‌కీ సిగ్‌ఇంట్‌కీ (కంట్రోల్-సి కొడితే వచ్చేది) ఒకే హ్యాండ్లర్, అంటే సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్, తగిలించాను. హ్యాండ్లర్ ఒక గ్లోబల్ ఇంట్ ఫ్లాగ్‌ని 1 చేసి, నా లాగ్ ఫంక్షన్‌తో టైము వేసి మరీ "ఆగుతున్నాం" అని రాస్తుంది. మెయిన్‌లో వైల్ లూపు ఆ ఫ్లాగ్ సున్నాగా ఉన్నంతసేపూ కొత్త కనెక్షన్లని యాక్సెప్ట్ చేస్తూ ఉంటుంది. లూపు దాటాక ఫైలు మూసి రిటర్న్ 0. హ్యాండ్లర్ నడుస్తోందని గ్యారంటీ, ఎందుకంటే "ఆగుతున్నాం" లైను లాగ్‌లో పడుతోంది. "వస్తున్నా వస్తున్నా" అంటూ మంచం దిగని పిల్లాడిలా ఉంది దీని వ్యవహారం.

స్టాప్ కొట్టి ఎదురుచూస్తూ, ఇంకో టెర్మినల్ నుంచి ఎన్‌సీ అనే చిన్న టూల్‌తో ఊరికే కనెక్ట్ అయ్యి చూశాను, ఆ క్షణంలోనే సర్వర్ ఆగిపోయింది! ఎన్నిసార్లు చేసినా ఇంతే. రెండుసార్లు మాత్రం ఇంకో రకంగా ఇరుక్కుంది: "ఆగుతున్నాం" కూడా రాలేదు, కొత్త కనెక్షన్ వచ్చినా కదల్లేదు. జీడీబీ డీబగ్గర్ తగిలించి చూస్తే ఒకే స్టాక్‌లో, నా లాగ్ ఫంక్షన్ టైము కోసం పిలిచే లోకల్‌టైమ్ రెండుచోట్ల కనిపించింది. పైగా ఆగాక మళ్లీ స్టార్ట్ చేస్తే అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అంటూ ఓ నిమిషం పాటు బైండ్ అవ్వదు.

ఇదంతా ఒకటే తప్పా, నాలుగు తప్పులా?

ఎస్‌ట్రేస్_తాత:

నాలుగు. కానీ ప్రశ్న బాగా అడిగారు, సగం జవాబు మీ వివరాల్లోనే ఉంది.

మొదటిది యాక్సెప్ట్. ప్రోగ్రాం నడుస్తుండగా ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని అడిగే పనులు, అంటే సిస్టమ్ కాల్స్, చూపించే టూల్) తగిలించి సిగ్‌టర్మ్ పంపండి. యాక్సెప్ట్ దగ్గర ఈ-రీస్టార్ట్-సిస్ అని కనిపిస్తుంది, కిందే హ్యాండ్లర్ నడిచినట్టు ఉంటుంది, ఆ కిందే మళ్లీ అదే యాక్సెప్ట్, బ్రాకెట్ మూయకుండా వేలాడుతూ. గ్లిబ్‌సీలో (లినక్స్ సీ లైబ్రరీ) మామూలుగా సిగ్నల్ ఫంక్షన్‌తో హ్యాండ్లర్ పెడితే అది ఎస్‌ఏ-రీస్టార్ట్ అనే గుర్తు తనంతట తనే పెట్టేస్తుంది. అంటే హ్యాండ్లర్ అయిపోగానే, ఆగిపోయిన సిస్టమ్ కాల్‌ని కెర్నెల్ మళ్లీ మొదలుపెడుతుంది. మీ లూపుకి ఫ్లాగ్ చూసే అవకాశమే రాదు. ఎన్‌సీతో తలుపు తట్టినప్పుడు యాక్సెప్ట్ తిరిగొచ్చింది, లూపు పైకెళ్లి ఫ్లాగ్ చూసింది, బయటికొచ్చింది. వింతేం లేదు. సిగ్నల్ ఫంక్షన్ వదిలేసి సిగ్యాక్షన్ వాడండి, ఫ్లాగ్స్ సున్నా పెట్టండి, అప్పుడు యాక్సెప్ట్ మైనస్ ఒకటి ఇచ్చి ఎర్నోలో ఈ-ఇంటర్ (సిగ్నల్ వచ్చి మధ్యలో ఆగింది అనే ఎర్రర్) పెట్టి తిరిగొస్తుంది. ఆ ఫ్లాగ్ వేరియబుల్‌ని వొలటైల్ సిగ్-అటామిక్-టీ (హ్యాండ్లర్‌లో క్షేమంగా మార్చగల టైపు) చెయ్యడం మర్చిపోకండి.

రెండోది లోకల్‌టైమ్, ఇది మరీ చెడ్డది. లోకల్‌టైమ్ లోపల టైమ్‌జోన్ వివరాలకి ఒక తాళం ఉంది. మీ మెయిన్ థ్రెడ్ "కొత్త కనెక్షన్" లాంటి లైనేదో రాస్తూ లోకల్‌టైమ్‌లో ఆ తాళం పట్టుకుని ఉన్న క్షణంలో సిగ్‌టర్మ్ వచ్చింది. అదే థ్రెడ్ మీద హ్యాండ్లర్ నడిచింది, అదీ లోకల్‌టైమ్‌ని పిలిచింది, అదే తాళం కోసం ఆగింది. తాళంచెవి తన జేబులోనే ఉంది, చెయ్యి పెట్టే వీలు లేదు. ఇక జన్మలో కదలదు. లోకల్‌టైమ్-ఆర్ వాడినా ఇదే గతి, తాళం ఒకటే. మాలక్, ఫ్రీ, ప్రింట్ఎఫ్, సిస్‌లాగ్, ఎగ్జిట్ ఇవేవీ హ్యాండ్లర్‌లో పిలవకూడదు. అక్కడ ఏవి పిలవచ్చో సిగ్నల్-సేఫ్టీ అనే మ్యాన్ పేజీలో పట్టిక ఉంది, రైట్ ఉంది అందులో, అండర్‌స్కోర్ ఎగ్జిట్ ఉంది. నా పద్ధతి చెప్పమంటే హ్యాండ్లర్ రెండు లైన్లు దాటితే అనుమానించాలి.

మూడోది 4096. ఎఫ్‌ప్రింట్ఎఫ్ మీ డేటాని వెంటనే ఫైలుకి పంపదు, ప్రాసెస్ లోపలి బఫర్‌లో పోగేసి నిండాక పంపుతుంది, ఆ బఫర్ సైజు మామూలుగా 4096. సిగ్‌కిల్ పడితే ఆ బఫర్ ప్రాసెస్‌తోనే పోతుంది. అందుకే సైజు అలా గుణిజంలో తెగుతోంది. అంటే మీరు "అందింది" అని చెప్పేటప్పటికి ఆ రికార్డు ఇంకా మీ జేబులోనే ఉందన్నమాట. అబద్ధం చెప్తున్నారు క్లయింటుకి :)

నాలుగోది ఆ అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్, కారణం టైమ్-వెయిట్, అంటే మూసిన కనెక్షన్ కొంతసేపు ఎదురుచూసే స్థితి. కనెక్షన్‌ని ముందు మూసినవాడి వైపు ఆ పోర్టు లినక్స్‌లో 60 సెకన్లు ఆ స్థితిలో ఉంటుంది. బైండ్‌కి ముందు ఎస్‌ఓ-రీయూజ్-అడ్రస్ పెట్టండి, చాలు.

కిల్_తొమ్మిది:

ఇంత కథ ఎందుకండీ? కరెంటు పోతే మీకు సిగ్‌టర్మ్ ఎవరు పంపుతారు? మెమరీ అయిపోయి కెర్నెల్ చంపితే వచ్చేది నేరుగా సిగ్‌కిల్, దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఏ క్షణంలో చంపినా డేటా చెడకుండా ముందు రాయండి, అప్పుడు ఆపడం అనేది సమస్యే కాదు, కిల్ మైనస్ 9 కొట్టి పని చూసుకోవచ్చు. రికార్డుకి వరస నంబరు ఇచ్చి, "అందింది" రాని వాటిని క్లయింటే మళ్లీ పంపేలా చెయ్యండి. నేను చూసిన సర్వర్లలో అందంగా ఆగే కోడ్‌లో ఉన్నన్ని బగ్గులు అసలు పని చేసే కోడ్‌లో లేవు.

ఎస్‌ట్రేస్_తాత:

వరస నంబరు మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా, అది ముందు చెయ్యాలి. మిగతా సగం ఒప్పుకోను. చంపినా బతికేలా రాయడం ప్రమాదానికి. రోజూ కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా ప్రమాదం చేసుకుంటామా? ప్రతి రీస్టార్ట్‌కీ వందల క్లయింట్లు ఎర్రర్ చూసి, మళ్లీ కనెక్ట్ అయ్యి, మళ్లీ పంపుతుంటే అటువైపు వాళ్ల అలారంలు మోగుతాయి, ఫోన్ మనకే వస్తుంది.

కొత్త_సాకెట్:

తాతగారూ, దండం. సిగ్యాక్షన్ పెట్టాను, హ్యాండ్లర్‌లో ఫ్లాగ్ ఒక్కటే ఉంచాను. ఎఫ్‌ప్రింట్ఎఫ్ తీసేసి లైను పూర్తవగానే రైట్ చేస్తున్నాను, అది తిరిగొచ్చాకే "అందింది". రీయూజ్-అడ్రస్ కూడా పెట్టాను. ఒక స్క్రిప్ట్ రాసి స్టార్ట్, స్టాప్, స్టార్ట్, స్టాప్ తిప్పాను. బ్రహ్మాండంగా ఆగుతోంది... 61వసారి వరకు. 61వసారి మళ్లీ మొదటికే వచ్చింది, 90 సెకన్లు. మళ్లీ తిప్పితే ఈసారి 200 దాటాక వచ్చింది. ఎస్‌ట్రేస్ పెట్టి తిప్పితే రానే రావట్లేదు. టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే అన్నిటికన్నా చెడ్డ బగ్ ఇదే కదా.

పోల్_పిచ్చి:

ఇది ఈ దారిలో అందరూ పడే గుంటే. లూపు ఫ్లాగ్ చూసింది, సున్నా. సరే అని యాక్సెప్ట్‌లోకి అడుగు పెట్టబోతోంది. ఆ రెంటి మధ్య, కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల సందులో, సిగ్నల్ వచ్చింది. హ్యాండ్లర్ ఫ్లాగ్ 1 చేసి వెళ్లిపోయింది. అప్పటికి యాక్సెప్ట్ మొదలవ్వలేదు కాబట్టి ఈ-ఇంటర్ ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు. తర్వాత యాక్సెప్ట్ మొదలైంది, పడుకుంది. లేపేవాడు అప్పటికే వచ్చి వెళ్లిపోయాడు. సందు చిన్నది కాబట్టి 61వసారి దొరికింది, ఎస్‌ట్రేస్ పెడితే వేగం మారిపోతుంది కాబట్టి దొరకట్లేదు.

ఫ్లాగ్‌ని ఎంత చాకచక్యంగా చూసినా ఈ సందు మూసుకోదు. "చూడటం", "పడుకోవడం" రెండూ ఒకే కదలికలో జరగాలి, అది కెర్నెలే చెయ్యగలదు. దారులు మూడున్నాయి. పీపోల్ లేదా పీసెలెక్ట్: సిగ్నల్‌ని మామూలుగా బ్లాక్ చేసి ఉంచి, నిద్రపోయే క్షణంలో మాత్రమే తెరవడం. లినక్స్‌లో పీసెలెక్ట్ కెర్నెల్ లోపలికి 2.6.16తో వచ్చింది, అంతకుముందు గ్లిబ్‌సీ దాన్ని బయట నుంచే నటించేది, ఈ సందు అలాగే ఉండేది. రెండోది సెల్ఫ్-పైప్, డి. జె. బెర్న్‌స్టీన్ పేరు మీద చెప్పుకునే పాత చిట్కా: ఒక పైపు తెరిచి రెండు చివరలూ మనమే పట్టుకోవడం, హ్యాండ్లర్ అందులో ఒక బైట్ రాయడం, మెయిన్ లూపు పోల్‌లో (ఒకేసారి కొన్నిటిని కనిపెట్టి, దేనిలో ఏదైనా వస్తే లేచే కాల్) లిజన్ సాకెట్‌తో, అంటే కొత్త కనెక్షన్లు వచ్చే సాకెట్‌తో, పాటు ఆ పైపునీ చూడటం. సిగ్నల్ ముందే వచ్చినా బైట్ పైపులో కూర్చుని ఉంటుంది కాబట్టి పోల్ వెంటనే తిరిగొస్తుంది. ఏ యునిక్స్‌లోనైనా నడుస్తుంది.

మూడోది మీకు సరిపోయేది, లినక్స్ ఒక్కటే చాలనుకుంటే: సిగ్నల్‌ఎఫ్‌డి. 2007లో 2.6.22 కెర్నెల్‌తో వచ్చింది. థ్రెడ్లేవీ పుట్టకముందే మెయిన్ మొదట్లోనే సిగ్‌టర్మ్, సిగ్‌ఇంట్ రెంటినీ పీథ్రెడ్-సిగ్‌మాస్క్‌తో బ్లాక్ చెయ్యండి, తర్వాత పుట్టే థ్రెడ్లన్నిటికీ అది వారసత్వంగా వస్తుంది. ఈ వరస తప్పకూడదు. ఏదో ఒక థ్రెడ్ తెరిచి ఉంటే సిగ్నల్ వెళ్లి దానికి తగులుతుంది. ఇక హ్యాండ్లరే ఉండదు. సిగ్నల్‌ఎఫ్‌డి ఇచ్చిన ఎఫ్‌డిని (తెరిచిన ఫైళ్లకీ సాకెట్లకీ కెర్నెల్ ఇచ్చేలాంటి నంబరు) లిజన్ సాకెట్ పక్కన పోల్‌లో పెడితే, సిగ్‌టర్మ్ కూడా ఒక క్లయింటు వచ్చినట్టే వస్తుంది, చదివి తీరిగ్గా ఏ ఫంక్షన్ కావాలంటే అది పిలుచుకోండి, లోకల్‌టైమ్‌తో సహా.

లిజన్ సాకెట్‌ని నాన్-బ్లాకింగ్ చెయ్యండి. పోల్ "ఎవరో వచ్చారు" అన్నాక యాక్సెప్ట్ చేసేలోపు ఆ వచ్చినవాడు వెళ్లిపోతే, బ్లాకింగ్ యాక్సెప్ట్ మళ్లీ పడుకుంటుంది.

సగం_నిద్ర:

పక్కనుంచి ఒక మాట. సిగ్‌పైప్‌ని ఇగ్నోర్ చేశారా? అటువైపు మూసేసిన సాకెట్‌లో జవాబు రాస్తే డిఫాల్ట్‌గా మొత్తం ప్రాసెస్ పోతుంది, ఏ లాగూ లేకుండా. ఆగేటప్పుడు ఇది ఎక్కువగా తగులుతుంది. సిస్టమ్‌డి సర్వీసులకి మామూలుగా దాన్ని ఇగ్నోర్ చేసే ఇస్తుంది, అందుకని అక్కడ కనపడదు, టెర్మినల్‌లో చేత్తో నడిపినప్పుడు దెబ్బ తింటారు. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 141 కనిపిస్తే అదే, 128కి 13 కలిపితే. 143 అయితే సిగ్‌టర్మ్‌ని ఎవరూ పట్టుకోలేదని, 137 అయితే సిగ్‌కిల్ అని.

కొత్త_సాకెట్:

సిగ్నల్‌ఎఫ్‌డికి మారాను. వెయ్యిసార్లు తిప్పాను, మెయిన్ లూపు ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. 

కానీ ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మెయిన్ బయటికొచ్చేస్తోంది, థ్రెడ్లు మాత్రం ఒక్కొక్కటీ తన క్లయింటు మీద రిసీవ్‌లో కూర్చుని ఉన్నాయి. జాయిన్ చేస్తే (థ్రెడ్ ముగిసేదాకా ఎదురుచూస్తే) క్లయింటు వెళ్లేదాకా ఆగుతుంది, అంటే ఎప్పటికీ. జాయిన్ చెయ్యకుండా రిటర్న్ అయితే మధ్యలో ఉన్న పని తెగుతోంది. పీథ్రెడ్-క్యాన్సిల్ అని ఒకటి చదివాను. లేకపోతే మెయిన్ నుంచే ఆ సాకెట్లన్నిటినీ క్లోజ్ చేస్తే థ్రెడ్లు లేస్తాయా? ప్రయత్నిస్తే కొన్ని లేవలేదు.

పోల్_పిచ్చి:

క్యాన్సిల్ జోలికి వెళ్లకండి. మ్యూటెక్స్ (థ్రెడ్లు వంతులవారీగా పట్టుకునే తాళం) పట్టుకుని ఉన్న థ్రెడ్‌ని క్యాన్సిల్ చేస్తే ఆ మ్యూటెక్స్ అలాగే ఉండిపోతుంది, మీరు ప్రతిచోటా క్లీనప్ హ్యాండ్లర్లు తగిలించుకుంటూ పోవాలి.

ఇంకో థ్రెడ్ వాడుతున్న ఎఫ్‌డిని క్లోజ్ చెయ్యడం అంతకన్నా పెద్ద తప్పు. ఒకటి, లినక్స్‌లో రిసీవ్‌లో పడుకున్న థ్రెడ్ దానివల్ల లేవదు, మీరు చూశారుగా. రెండోది దీనికన్నా భయంకరం. మెయిన్ 7వ నంబర్ ఎఫ్‌డి మూసింది అనుకోండి. అదే క్షణంలో ఇంకో థ్రెడ్ డేటా ఫైలు తెరిచింది, కెర్నెల్ ఖాళీగా ఉన్న చిన్న నంబరు ఇస్తుంది కాబట్టి దానికి 7 వచ్చింది. పాత థ్రెడ్‌కి ఈ సంగతి తెలీదు, అది తన క్లయింటుకి అనుకుని 7లో "అందింది" అని రాస్తుంది. డేటా ఫైలు మధ్యలో "అందింది" అని కనిపిస్తే ఎక్కణ్ణుంచి వచ్చిందో వారం రోజులు వెతికినా దొరకదు. నేను ఓసారి మూడు రోజులు వెతికాను. అప్పటినుంచీ నాకు ఒకటే నియమం: ఏ థ్రెడ్ చేతిలో ఎఫ్‌డి ఉందో అదే మూస్తుంది, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

మరి లేపడం ఎలా? ఇంకో పైపు తెరవండి, "ఆపు పైపు" అనుకుందాం. ప్రతి థ్రెడ్డూ నేరుగా రిసీవ్‌లో పడుకోకుండా పోల్‌లో పడుకోవాలి, రెండిటిని చూస్తూ: తన సాకెట్, ఆ పైపు చదివే చివర. ఆగాలని తేలగానే మెయిన్ ఆ పైపులో ఏమీ రాయదు, రాసే చివరని మూసేస్తుంది, అంతే. బైట్ రాస్తే ఒక థ్రెడ్ చదివేస్తే మిగతావాళ్లకి ఉండదు. మూసేస్తే ఎంతమంది చూస్తుంటే అంతమందికీ పోల్-హప్ (అవతలి చివర మూసుకుంది అనే కబురు) వస్తుంది, ఎప్పుడు చూసినా వస్తుంది, ఆలస్యంగా వచ్చి చూసినవాడికి కూడా. వంద థ్రెడ్లున్నా ఒక్క క్లోజ్‌తో అన్నీ లేస్తాయి.

జాయిన్ బదులు బతికున్న థ్రెడ్ల లెక్క ఒకటి పెట్టుకుని, కండిషన్ వేరియబుల్ మీద టైమ్డ్-వెయిట్ (లెక్క సున్నా అయ్యేదాకా, గడువు దాటకుండా ఆగడం) చెయ్యండి. గడువు మొత్తానికి ఒక్కటే ఉండాలి, థ్రెడ్‌కి అయిదు సెకన్లు అని పెట్టి నలభై థ్రెడ్లని వరసగా ఆగితే 200 సెకన్లు. సిస్టమ్‌డి డిఫాల్ట్‌గా 90 సెకన్లే ఇస్తుంది, డాకర్ స్టాప్ మామూలుగా 10, కుబెర్నెటీస్ 30. నేనైతే 8 పెట్టుకుంటాను, ఎక్కడికెళ్లినా సరిపోతుంది. గడువు దాటాక ఇంకా ఎవరైనా మిగిలితే వాళ్ల పేర్లు లాగ్‌లో రాసి వెళ్లిపోవడమే.

కొత్త_సాకెట్:

ఆ పోల్-హప్ చిట్కా అద్భుతం. అన్ని థ్రెడ్లూ 0.3 సెకన్లలో బయటికొస్తున్నాయి. చేతిలో ఉన్న లైను రాసి, "అందింది" పంపి, క్లోజ్. కానీ క్లయింటు వైపు కనెక్షన్ రీసెట్ బై పీర్ అని ఎర్రర్. చివరి మూడు నాలుగు "అందింది"లు వాళ్లకి చేరలేదు, సెండ్ మాత్రం నా వైపు సక్సెస్ అనే చెప్పింది. సెండ్ సక్సెస్ అయ్యాక కూడా ఎలా పోతుంది?

ఎస్‌ట్రేస్_తాత:

సెండ్ సక్సెస్ అంటే "మీ కెర్నెల్ బఫర్‌లోకి కాపీ అయింది" అని మాత్రమే. అవతలివాడికి చేరిందని కాదు, వాడు చదివాడని అసలే కాదు.

ఇక మీ కథ. క్లయింట్లు జవాబు కోసం ఆగకుండా రికార్డులు వరసగా పంపుతూనే ఉంటాయి కదా? మీరు ఒక లైను చదివి ఆపేశారు, తర్వాతి రికార్డులు మీ కెర్నెల్ రిసీవ్ బఫర్‌లో చదవకుండా మిగిలాయి. అలా చదవని డేటా ఉండగా క్లోజ్ చేస్తే లినక్స్ మర్యాదగా ఫిన్ (నా వైపు అయిపోయింది అనే ప్యాకెట్) పంపదు, ఆర్‌ఎస్‌టి (కనెక్షన్ తెంచేసే ప్యాకెట్) పంపుతుంది. "నువ్వు పంపింది నేను చదవలేదు, పారేశాను" అని చెప్పడం అన్నమాట, ఒక రకంగా నిజాయితీయే. కానీ దాంతో పాటు మీ సెండ్ బఫర్‌లో ఇంకా కదలని "అందింది"లు కూడా అక్కడే పోతాయి. దారిలో ఉన్నవి చేరినా, క్లయింటు ప్రోగ్రాం సెండ్‌లో ఎర్రర్ చూడగానే చదవడం మానేసి వెళ్లిపోతుంది.

కాబట్టి క్లోజ్‌కి ముందు షట్‌డౌన్ అనే కాల్, ఎస్‌హెచ్‌యూటీ-డబ్ల్యూఆర్‌తో. "నేను చెప్పేది అయిపోయింది, వినడం మాత్రం ఆపలేదు" అని. ఫిన్ మీ జవాబుల వెనకే వరసలో వెళ్తుంది, ముందు దూకదు. తర్వాత రిసీవ్ సున్నా ఇచ్చేదాకా చదివి పారేస్తూ ఉండండి. సున్నా వచ్చిందంటే క్లయింటు కూడా తన వైపు మూశాడని. అప్పుడు క్లోజ్. వాడు ఎంతకీ మూయకపోతే రెండు సెకన్లు చూసి క్లోజ్ చేసెయ్యండి, ఒక మొండి క్లయింటు కోసం సర్వర్ అంతా ఆగక్కర్లేదు.

చదివి పారేసిన రికార్డుల సంగతి అంటారా, వాటికి మీరు "అందింది" అనలేదు. క్లయింటు మళ్లీ పంపాలి. కిల్_తొమ్మిది గారు చెప్పిన వరస నంబరు ఇక్కడే అక్కరకొస్తుంది.

కిల్_తొమ్మిది:

నేను ముందే చెప్పాను :)

ఎస్‌ఓ-లింగర్ (క్లోజ్ ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) పెడితే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా చెప్తే నమ్మకండి, టైము సున్నా పెడితే అది నేరుగా ఆర్‌ఎస్‌టియే.

కొత్త_సాకెట్:

షట్‌డౌన్ పెట్టాక రీసెట్లు మొత్తం పోయాయి, వరస నంబర్లు కూడా పెట్టేశాను. ఇక అయిపోయింది, ఈ థ్రెడ్‌లో అందరికీ థాంక్స్ చెప్పి పడుకుందామనుకున్నాను. నిన్న రాత్రి మళ్లీ స్టాప్ కొడితే 90 సెకన్లు!!

ఈసారి నా ప్రాసెస్ అర సెకనులోనే పోయింది, లాగ్‌లో చివరి లైను దాకా అన్నీ ఉన్నాయి. అయినా సిస్టమ్‌సీటీఎల్ తిరిగి రాదు. స్టేటస్‌లో సర్వీసు కింద జీజిప్ ఒకటి మిగిలి ఉంది. నిన్నటి డేటా ఫైలుని కుదించడానికి నేనే ఒక థ్రెడ్‌లో సిస్టమ్ ఫంక్షన్‌తో జీజిప్ పిలుస్తాను, ఫైలు పెద్దది, నాలుగైదు నిమిషాలు పడుతుంది. కానీ ఇదివరకు సిస్టమ్‌డి దానికీ సిగ్‌టర్మ్ పంపితే చచ్చేది కదా? చేత్తో కిల్ కొట్టినా చావట్లేదు.

పోల్_పిచ్చి:

అయ్యో, ఇది నా తప్పే, సిగ్నల్‌ఎఫ్‌డి చెప్పినప్పుడే చెప్పాల్సింది.

జీజిప్ నడుస్తుండగా ప్రాక్ డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) కింద స్టేటస్ ఫైలు తెరిచి సిగ్‌బ్లాక్ వరస చూడండి. చివర 4002 అని ఉంటుంది. అది హెక్స్: 4000 అంటే 15వ బిట్, సిగ్‌టర్మ్, 2 అంటే సిగ్‌ఇంట్. మీరు మెయిన్‌లో బ్లాక్ చేసిన ఆ రెండే. సిగ్నల్ మాస్క్ (బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితా) ఫోర్క్‌లోనూ (పిల్ల ప్రాసెస్ పుట్టేటప్పుడు) పోదు, ఎగ్జెక్‌లోనూ (అందులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కేటప్పుడు) పోదు, పిల్ల ప్రాసెస్‌కి అలాగే అంటుకుంటుంది. పాపం జీజిప్‌కి సిగ్‌టర్మ్ చేరుతోంది, గుమ్మంలోనే ఆగిపోతోంది. హ్యాండ్లర్ పద్ధతిలో ఇది రాలేదు, ఎందుకంటే ఎగ్జెక్ అయ్యాక హ్యాండ్లర్లు డిఫాల్ట్‌కి వెళ్లిపోతాయి, మాస్క్ మాత్రం వెళ్లదు.

సిస్టమ్ ఫంక్షన్ తీసేసి పోజిక్స్-స్పాన్ వాడండి. దాని అట్రిబ్యూట్స్‌లో సెట్‌సిగ్‌మాస్క్ ఫ్లాగ్ ఉంది, ఖాళీ మాస్క్ ఇవ్వండి. పనిలో పనిగా సాకెట్లన్నిటికీ క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (ఎగ్జెక్ అవగానే పిల్ల వైపు మూసుకునే గుర్తు) పెట్టారో లేదో చూడండి, సాకెట్ తెరిచేటప్పుడే సాక్-క్లోఎగ్జెక్, యాక్సెప్ట్ బదులు యాక్సెప్ట్4. లేకపోతే జీజిప్ మీ లిజన్ సాకెట్‌ని కూడా చంకన పెట్టుకుని తిరుగుతుంది, మీ సర్వర్ పోయినా పోర్టు వదలదు, అప్పుడు రీయూజ్-అడ్రస్ కూడా కాపాడదు.

కొత్త_సాకెట్:

4002 అక్షరాలా అలాగే ఉంది! స్పాన్‌కి మార్చాను, సిగ్‌బ్లాక్ ఇప్పుడు అన్నీ సున్నాలు. క్లోజ్-ఆన్-ఎగ్జెక్ కూడా ఎక్కడా లేదు, పెట్టాను. జీజిప్ సగంలో ఉండగా స్టాప్ కొట్టాను, 0.6 సెకన్లు. సగం కుదించిన ఫైలు జీజిప్పే తుడిచేసి వెళ్తోంది, మూల ఫైలు అలాగే ఉంది, మర్నాడు మళ్లీ కుదిస్తే సరిపోతుంది.

కిల్_తొమ్మిది గారి మాట మీద స్క్రిప్ట్‌లో స్టాప్ ఒకసారి, కిల్ మైనస్ 9 ఒకసారి మార్చి మార్చి 500సార్లు తిప్పాను. వరస నంబర్లలో ఎక్కడా సందు లేదు, కిల్ తర్వాత మళ్లీ పంపినవి కొన్ని రెండుసార్లు పడ్డాయి, నంబరు చూసి తీసేస్తున్నాను.

చిన్న సందేహం ఒక్కటి మిగిలింది. టెర్మినల్‌లో నడిపేటప్పుడు కంట్రోల్-సి కొట్టాక ఆ 8 సెకన్లు కూడా ఆగలేక మళ్లీ కొడితే ఏం జరగట్లేదు. వెంటనే పోయేలా చెయ్యచ్చా?

సగం_నిద్ర:

మొదటి సిగ్నల్ చదివి లిజన్ సాకెట్ మూశాక, మెయిన్ థ్రెడ్‌లో సిగ్‌ఇంట్‌ని అన్‌బ్లాక్ చేసెయ్యండి. హ్యాండ్లర్ లేదు కాబట్టి రెండోసారి కొడితే డిఫాల్ట్ చర్యే, అక్కడికక్కడే పోతుంది. సిగ్‌టర్మ్‌ని మాత్రం బ్లాక్‌లోనే ఉంచండి, ఎవరి స్క్రిప్టో తొందరపడి రెండుసార్లు పంపితే మధ్యలో తెగకూడదు.